దిగేవాళ్ళనే లాగే మలుపు

మా తేర్‌బెల్ కనుమ మీద చీకటి పడ్డాక ఎక్కడైనా ఆగండి, తినండి, పాడుకోండి... ఐమ్‌కాన్ మలుపు దగ్గర మాత్రం వద్దు. ఇది నా మాట కాదు. కనుమ దిగి వచ్చి నా టీకొట్టులో కూలబడే డ్రైవర్లందరి మాట. వాళ్ళకి టీ పోసి, వేయించిన పిండిబిళ్ళలు ముందు పెట్టి, విన్నది విన్నట్టు దాచుకోవడమే నా పని. భయపడి వచ్చినవాడికి ఆకలెక్కువ. కాబట్టి ఆ మలుపు మీద నాకైతే ఏ కోపమూ లేదు.

కనుమ దిగేటప్పుడు కుడిపక్కన గోరీలు, ఎడమపక్కన లోయ. గోరీలన్నిట్లోకీ రోడ్డుకి దగ్గరగా, ఇనపకంచె వేసి ఉన్నది ఐమ్‌కాన్‌ది. ఒక శీతాకాలం మంచు తుఫానులో ఆ మలుపు దగ్గరే ఆమె ప్రాణం పోయింది. దారులు మూసుకుపోయి సొంత ఊరికి తీసుకెళ్ళలేక అక్కడే పూడ్చిపెట్టారు.

అప్పటి నుంచీ మొదలైంది.

ఎక్కేవాళ్ళని అది ఏమీ అనదు. దిగేవాళ్ళనే పట్టుకుంటుంది. అదీ అందర్నీ కాదు — నచ్చినవాళ్ళ కారుని కుడివైపుకి, తన దగ్గరికి లాక్కుంటుంది. నచ్చనివాళ్ళని ఎడమవైపుకి, లోయలోకి తోసెయ్యాలని చూస్తుంది. మిగిలినవాళ్ళని అసలు పట్టించుకోదు. చచ్చాక కూడా మొహం చూసి మర్యాద చేసే గుణం పోలేదని మా ఆయన అనేవాడు.

మరి దిగేవాళ్ళే ఎందుకంటే... దానికీ ఒక జవాబుంది మావాళ్ళ దగ్గర. కనుమ అవతలి ఊరి నుంచి తన కోసం రావలసినవాళ్ళెవరో రాలేదట. వచ్చిన ప్రతి బండినీ ఆపి చూసుకుంటోందట.

ఇక తుర్దాకున్ సంగతి.

ఇతను అద్దె కారు నడుపుతాడు. అవతలి ఊళ్ళ జనాన్ని ఎక్కించుకుని మా దిగువ బజారుకి తెస్తాడు, తిరిగి చేరుస్తాడు. కారుకీ ఇతనికీ వయసులో పెద్ద తేడా లేదు. పాత జర్మన్ కారు, తలుపు వెయ్యాలంటే రెండుసార్లు బాదాలి. ఇల్లు మొత్తం ఆ కారు మీదే నడుస్తుంది.

కిందటి ఎండాకాలం దాని ముందు కుడి చక్రం బ్రేకు పట్టేసింది. చక్రంతో పాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంది కదా, దాన్ని పటకారులా రెండువైపులా పట్టి నొక్కేది కాలిపర్. దాని లోపలి పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తుర్దాకున్ నగరానికి వెళ్ళి, పాత కార్ల సామాన్లు అమ్మే బజారంతా తిరిగి, అదే కంపెనీ పెద్ద కారుదొకటి పట్టాడు. రెండు పిస్టన్ల కాలిపర్, దానికి తగ్గ పెద్ద పళ్ళెం.

"జతగా తీసుకెళ్ళన్నా" అన్నాడట కొట్టువాడు.

"ఎడమది బాగానే ఉందిగా. పాడవని పన్ను ఎవడైనా పీకించుకుంటాడా?"

కొట్టువాడు భుజాలెగరేసి ఊరుకున్నాడు. తుర్దాకున్ ఇంటికొచ్చి తనే బిగించుకుని, ఆ నెలంతా కనబడిన ప్రతివాణ్ణీ చక్రం దగ్గర గొంతుక్కూర్చోబెట్టి చూపించాడు. కొత్త కోడల్ని చూపించినా అంత మురిపెం ఉండదు. "రెండు పిస్టన్లు! కొండ మీద మేక నిలబడ్డట్టు నిలబడుతుంది" అని నాకూ చెప్పాడు. నేనూ వంగి చూశాను. నల్లగా ఇనప ముక్క కనబడింది. బాగుందన్నాను.

మొదటి మంచు పడిన సాయంత్రం జరిగింది అది.

కారులో నలుగురు. చీకటి అప్పుడే ముసురుకుంటోంది. మలుపు దగ్గరికొస్తూనే తుర్దాకున్ పాట ఆపేశాడు. బ్రేకు గట్టిగా తొక్కి కారుని నిదానం చేశాడు. అందరూ చేతులెత్తారు. గోరీల పక్కనుంచి వెళ్తూ రెండు చేతులూ ముఖం మీంచి దించి 'ఒమీన్' అనకపోతే మా దగ్గర మనిషిగా లెక్కవెయ్యరు. తుర్దాకున్ కూడా ఎత్తాడు.

"ఒ..."

కారు కుడివైపుకి తిరిగింది.

ఎవరో ముక్కుతాడు పట్టి లాగినట్టే లాగిందట. కీ...చుమని ఒక ఏడుపు. ఆ పైన మంచు, గతుకులు, ఇనుము తగిలిన చప్పుడు — అంతే. దీపాల వెలుగు సరిగ్గా ఐమ్‌కాన్ కంచె మీద పడి ఆగింది. కుడి చక్రం దగ్గర్నుంచి సన్నగా పొగ... ఏదో కాలుతున్న వాసన.

వెనక సీట్లోంచి ఎవరో గుసగుసగా అన్నారు, "గోరీ మీది పేరు... చదవకండి."

ఆ నలుగురూ కారు దిగి, నా కొట్టు దాకా నడిచే వచ్చారు. వాళ్ళకి పోసిన టీకి రెండు కెటిళ్ళు చాలలేదు. తెల్లారేసరికి కనుమకి రెండువైపులా తెలిసిపోయింది — తుర్దాకున్ మీద ఐమ్‌కాన్ మనసుపడిందని.

ఆ తర్వాత రెండుసార్లు అలాగే లాగింది. ఇక అతని కారు ఎవరూ ఎక్కలేదు. పొద్దున్నే వెళ్ళి అవతలి ఊరి కూడలిలో కారు పెట్టుకుని నిలబడేవాడు. జనం పక్క కారులో మోకాళ్ళ మీద మోకాళ్ళు వేసుకుని ఇరుక్కునేవాళ్ళు గాని ఇటు వచ్చేవాళ్ళు కాదు. అమ్మేద్దామంటే, దెయ్యం మరిగిన కారుని కొనేదెవరు? పాపం, ముఖం పీక్కుపోయింది. నాకు జాలేసింది.

అతని భార్య బురుల్చాకి మాత్రం ఒళ్ళు మండింది. "బతికున్నవాళ్ళెవరికీ కనబడనిది, నీలో ఆ చచ్చినదానికేం కనబడింది?" అని నిలదీసింది. అంటూనే దెయ్యం పోవాలని కారు చుట్టూ కొండపొద కొమ్మల ధూపం పట్టింది. అద్దానికి తాయెత్తు కట్టింది. గొర్రెని కోయించి ఊరికి పెట్టింది. ఊరంతా తిన్నారు, చేతులెత్తి దీవించారు, మర్నాడు మళ్ళీ పక్క కారు ఎక్కారు.

చివరికి తుర్దాకున్ మసీదులో ప్రార్థన చదివించే మొల్డోని బతిమాలాడు. మొల్డో పెద్దమనిషి, భయపడ్డా పైకి చెప్పే రకం కాదు. "నేనే ముందు సీట్లో కూర్చుంటాను, చూద్దాం" అని కూర్చున్నాడు. మలుపు దగ్గర తుర్దాకున్ బ్రేకు తొక్కాడు. ఇద్దరూ చేతులెత్తారు. మొల్డో చదువుతున్నాడు కదా, తను ముందుగా చేతులు దించితే మర్యాద కాదని తుర్దాకున్ ఎత్తినవి ఎత్తినట్టే ఉంచాడు... ఈసారి కంచె కాస్త వంగింది. మొల్డో టోపీ ఎగిరి డ్రైవరు ఒళ్ళో పడింది.

"అబ్బాయ్," అన్నాడట మొల్డో టోపీ సర్దుకుంటూ, నెమ్మదిగా, "దీనికి నా చదువు చాలదు."

ఇంత చేశారు గాని, కారు కింద తల పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. చూసినా బ్రేకు మీదికి ఎవరి అనుమానమూ పోదు. ఆ కారు మొత్తంలో కొత్తగా బాగుచేసింది అదొక్కటే కదా.

అప్పుడు వచ్చింది ఊల్కాన్ అపా. అపా అని మేం తల్లి వయసువాళ్ళని పిలుస్తాం. ఈ అపా ఎవరో కాదు — ఐమ్‌కాన్ తోడబుట్టిన అక్క. ఉండేది కనుమ అవతలే.

మునిమనవడి ఉయ్యాల పండగకి దిగువకి రావాలి. వేరే కార్లు నిండిపోయాయి. రొట్టెల మూట చంకన పెట్టుకుని వచ్చి, తుర్దాకున్ కారు ముందు సీట్లో కూర్చుని తలుపు రెండుసార్లు బాదింది.

"అపా... నా కారు సంగతి మీకు..."

"తెలుసు. పద."

సొంత చెల్లెలు, ఈమెని ఏం చేస్తుందిలే అని తుర్దాకున్‌కి కాస్త ధైర్యం వచ్చింది. శిఖరం దాటేసరికి చీకటి పడింది. మంచు సన్నగా రాలుతోంది. మలుపు ముందర తుర్దాకున్ పక్కకి చూశాడు.

అపా కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఒక చెయ్యి తలుపు పిడిని బిగించి పట్టుకుంది. పెదాలు కదలడం లేదు.

ఉన్న ధైర్యం కాస్తా జారిపోయింది. బ్రేకు తొక్కాడు. చేతులెత్తాడు...

కీ...చ్—

లాగింది.

అపా కళ్ళు తెరిచింది. చెల్లెలి గోరీని చూడలేదు. డ్రైవర్ని చూసింది. గాల్లో ఉన్న అతని రెండు చేతుల్ని చూసింది.

"స్టీరింగు పట్టుకోరా, చచ్చినోడా!"

పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. కారు కంచెని రాసుకుంటూ మళ్ళీ రోడ్డెక్కింది. మలుపు దాటాక పక్కకి ఆపాడు.

"చూశారా అపా," అన్నాడు, "మీ చెల్లెలు..."

"మా చెల్లెలు?" అంది అపా. "బతికుండగా బావి నుంచి చెంబుడు నీళ్ళు లాగలేదు. ఆవు మీదికొచ్చినా, నేనొచ్చి తోలేదాకా మంచం దిగేది కాదు. అది ఇంత ఇనుముని లాగుతుందా?"

"మరి లాగింది కదా."

"స్టీరింగు వదిలేసి కూర్చున్నావు కదా."

"గోరీల దగ్గర వదలక... అందరూ వదులుతారు అపా. ఒక్క చేత్తో ఒమీన్ అంటారా ఎక్కడైనా?"

అపా కారు దీపాలు పడే మేర చూసింది. అక్కణ్ణుంచి కొంత దూరం గోరీలు లేవు, లోయ కూడా దూరంగా జరుగుతుంది. రెండువైపులా బోడి మేతనేల.

"పోనీ. ఆ కిందికెళ్ళాక, ఇందాకటిలాగే బ్రేకు తొక్కి, చేతులెత్తి ఒమీన్ అను."

"అక్కడెవరూ లేరు అపా. ఎవరి కోసం అనాలి?"

"నీ తెలివి పోయిందిగా, దాని కోసం."

పెద్దావిడ మాట కాదనలేక తొక్కాడు. ఎత్తాడు. "ఒమీన్" అన్నాడు.

కీ...చ్.

కారు కుడివైపుకి తిరిగి మేతనేలలోకి దిగి ఆగింది.



"ఇదిగో," అంది అపా, "మా చెల్లెలు ఇల్లు మారింది."

ఇంకొంచెం కిందికి పోయి మళ్ళీ చేయించింది. అక్కడా లాగింది. "ఇంత చురుకు ఎప్పుడొచ్చిందో దీనికి" అని గొణుక్కుంటూ కారు దిగింది. గుప్పెడు మంచు తీసుకుని, పెనం కాగిందో లేదో నీళ్ళు చల్లి చూసినట్టు, ముందు కుడి చక్రం మధ్యలోకి విసిరింది. చుర్రుమని ఆవిరి లేచింది. ఇటుపక్కకొచ్చి ఎడమ చక్రం మీద విసిరింది. మంచు మంచులాగే ఉంది.

తుర్దాకున్ మంచులో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చక్రాలనీ మార్చి మార్చి చూశాడు. రోడ్డు మీద చల్లే ఉప్పుకి ఎడమ కాలిపర్‌ని కదలనిచ్చే పిన్నులు ఎప్పుడో బిగుసుకుపోయాయి. అది పేరుకి బ్రేకు. కుడిపక్క రెండు పిస్టన్లూ రెండెద్దుల్లా పట్టి లాగుతుంటే కారు అటు తిరగక ఎటు తిరుగుతుంది? మామూలుగా అయితే చేతులు స్టీరింగుని బిగించి పట్టుకునేవి. గతుకుల రోడ్డు కదా, అదంతా రోడ్డు తప్పనుకునేవాడు. ఇక ఎక్కేటప్పుడంటారా, బ్రేకుతో పనే లేదు.

అతనికి నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ లోయలోకి తోసిందన్న కార్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయట. అవి ఎడమ బ్రేకు ఎక్కువ పట్టిన కార్లు. అసలు పట్టించుకోలేదన్నవి బ్రేకులు సమంగా ఉన్న కార్లు. నవ్వుతూ నవ్వుతూ తలెత్తి చూశాడు.

అపా నవ్వడం లేదు.

"అయితే... ఎవర్నీ లాగలేదా అది?" అంది.

"లేదు అపా."

"ఇన్నేళ్ళల్లో ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా. బ్రేకులు అపా, బ్రేకులు!"

అపా కారెక్కి తలుపేసుకుంది. నా కొట్టు దగ్గర దిగారు. పాలు కలిపి పోసిన టీ ఆమె ముందు అలాగే చల్లారిపోయింది. నాకు తెలిసిన కథే అది. అమ్మ పోయాక ఒక ఆవు పంపకం దగ్గర అక్కచెల్లెళ్ళకి మాటలు పోయాయి. పంతం కొద్దీ ఊల్కాన్ అపా చెల్లెలి మట్టికి రాలేదు, దారులు తెరుచుకున్నాక గోరీ దగ్గరికీ రాలేదు. తర్వాత మలుపు సంగతి విని, అది తన కోసమే బండ్లు ఆపి చూస్తోందని నమ్మింది. అందుకే అటు వెళ్ళిన ప్రతిసారీ కళ్ళు మూసుకునేది. ఊరందరికీ భయం, ఆమెకి మాత్రం... చెల్లెలు ఇంకా పిలుస్తోందని ఒక ఆశ కూడా. అది నాకు ఆ సాయంత్రమే అర్థమైంది.

మర్నాడే తుర్దాకున్ నగరానికి వెళ్ళాడు. కొట్టువాడు అతన్ని చూసి, "ఒంటి చెప్పు పెళ్ళికొడుకు వచ్చాడు" అన్నాడట. కుడిదానికి సరిజోడు వెతికించుకుని తెచ్చాడు. నా వాకిట్లోనే పట్టపగలు విప్పాడు. ఎడమ పాతది ఊడదీస్తే పిన్నులు రావడానికి సుత్తి అరిగింది. కొత్తదాని పిన్నులకి గ్రీజు రాసి, పళ్ళెం మార్చి బిగించాడు. గొట్టాల్లో గాలి తీయడానికి బురుల్చా లోపల కూర్చుని పెడలు తొక్కింది.

"తొక్కు... ఆపి పట్టు... వదులు."

"గొర్రెని కొయ్యకముందు ఈ ముక్క తోచలేదా?"

"తొక్కవే."

"మొల్డో గారి టోపీకి కూడా గాలి తియ్యి."

బ్రేకు సరే. జనం? జరిగింది చెప్తే సగంమంది నవ్వారు. మిగతా సగం, దెయ్యాన్ని ఇనప ముక్కతో సరిపెడుతున్నాడని కోప్పడ్డారు. ఒక్కడూ ఎక్కలేదు. కారు బాగైంది గాని బేరం బాగవలేదు. ఆ రోజు కూడలిలో తుర్దాకున్ ముఖం చూస్తే ఏడుపొచ్చేలా ఉందని తర్వాత మొల్డోనే నాతో అన్నాడు.

అక్కడికి ఊల్కాన్ అపా వచ్చి, అందరూ చూస్తుండగా తలుపు తెరిచింది. ముందు సీట్లో కూర్చుని వేసుకుంటే, ఈసారి రెండుసార్లు బాదకుండానే పడింది. అద్దం దించి, మొల్డో వైపు చూసింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు. ఆడమనిషి ఎక్కాక తను నిలబడితే బాగుండదు కదా. వెనక సీట్లోకి దూరాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు.

మలుపు చేరేసరికి మసక చీకటి. గాలి లేదు.

తుర్దాకున్ పాట ఆపాడు. బ్రేకు గట్టిగా తొక్కాడు. అందరూ చేతులెత్తారు. వెనకనుంచి మొల్డో గుసగుసగా, "నువ్వు ఎత్తకురా" అన్నాడు.

ఎత్తాడు. రెండు చేతులూ.

అందరూ కాళ్ళు బిగబట్టుకున్నారు...

కారు సూటిగా పోయింది. అటు లేదు, ఇటు లేదు. కంచె పక్కగా వచ్చి, పక్కనుంచి వెనక్కి జరుగుతోంది. "ఒమీన్" అని అయిదు గొంతులు ఒక్కసారే అన్నాయి. తుర్దాకున్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ బతికాననుకున్నానక్కా అని నాతో చెప్పాడు.

"ఆపు" అంది ఊల్కాన్ అపా.

ఆగింది. కొండ మీద మేక నిలబడ్డట్టే నిలబడింది.

"వెనక్కి పోనిచ్చి కుడివైపుకి తిప్పు. కంచె దగ్గరికి."

"అపా, కారు బాగైపోయింది. లాగలేదు కదా, చూశారుగా."

"చూశాను," అంది అపా. "అది లాగదురా. మనమే వెళ్ళాలి."

తిప్పాడు. దీపాల వెలుగు వంగిన కంచె మీద పడింది. అపా దిగి, చేతికర్రతో మంచు పొడుచుకుంటూ వెళ్ళి గోరీ దగ్గర కూర్చుంది. కారులో ఎవరూ కదల్లేదు. ఆమె గొంతు వినబడుతోంది. ప్రార్థన కాదు, తిట్లు. ఆవు సంగతి. అమ్మ సంగతి. మధ్యమధ్య ఆగుతోంది... మళ్ళీ "కాదే, నువ్వు చెప్పేది తప్పు" అని అందుకుంటోంది.

ఆమె ఆగినప్పుడల్లా ఏం వినబడింది అని తుర్దాకున్‌ని అడిగాను.

"ఏమో అక్కా. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి కూర్చున్నాను" అన్నాడు.

ఆగి ఉన్న కారుకి బ్రేకెందుకయ్యా అన్నాను. గిన్నె ముందుకి తోసి, ఇంకొంచెం టీ పొయ్యమన్నాడు.